అక్క ఆపిన పేజీ

మొన్నటి ఎండాకాలం మొదట్లో ఒక శనివారం సాయంత్రం మా అక్క కూతురు ఫోన్ చేసింది. తను పోచారంలో ఐటీ ఉద్యోగం చేస్తుంది. ఏదైనా చెప్పాలంటే రెండు ముక్కల్లో మెసేజ్ పెడుతుంది తప్ప ఫోన్ చేసే అలవాటు లేదు. అందుకే చేతిలో పని పక్కన పెట్టి ఎత్తాను.

“మామా, అమ్మ రీడర్ ఉబ్బింది,” అంది.

“ఉబ్బుడేంది?”

“వెనక అట్ట పైకి లేసింది. ముందలి పలకకు దానికి నడుమ సందు వడ్డది. గోరు పెట్టొచ్చు.”

రీడర్ అంటే పుస్తకాలు చదువుకునే చిన్న పలక. అక్క పోయినప్పటి నుంచి, అంటే రెండున్నరేళ్లుగా, ఉప్పల్‌లో వాళ్ల ముందు గదిలో ఆమె ఫొటో పక్కన ఉంటోంది. ఎవరూ దాన్ని ముట్టుకోరు. మా మేనకోడలు ఒక్కతే వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. దాని తెర మీద పెద్ద పెద్ద అక్షరాలతో ఐదు మాటలు నిలిచిపోయి ఉన్నాయి. ‘ఆమె తలుపు తీసి చూసింది. బయట’. అక్కడితో పేజీ అయిపోతుంది.

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో ముప్పై ఏళ్లుగా నా పని పాడైన పరికరాలు బాగుచేయడం. ఆసుపత్రుల్లో మంచం పక్కన ఉండే మానిటర్లు, ల్యాబుల్లో తూకం యంత్రాలు, అలాంటివి. ఉబ్బిన బ్యాటరీ అంటే ఏమిటో నాకు తెలుసు. లోపల వాయువు చేరి అప్పడంలా పొంగుతుంది. పొరపాటున గుచ్చుకుంటే మంట లేస్తుంది. నా బల్ల మీద ఒకసారి లేచింది. ఎడమ అరచేతిలో మచ్చ ఇంకా ఉంది.

“ఎండ తగలనియ్యకు. బట్టల మీద పెట్టకు. స్టీలు డబ్బాల పెట్టి, మూత గట్టిగ బిగించకుండ రేపు పొద్దుగాల నా దగ్గరికి పట్కరా,” అన్నాను.

“పేజీ పోదు కద మామా?”

“పోదు. బ్యాటరీ తీసినా పోదు.”

“పక్కానా?”

“పక్కా,” అన్నాను.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. భూకంపాలను నమోదు చేసే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైంది. తిరిగే డ్రమ్ముకు చుట్టిన కాగితం మీద సూది గీసే గీతలను భూతద్దం పెట్టి చూసి, కొలిచి, పుస్తకంలో ఎక్కించడం ఆమె పని. పనికిరాని చుట్టలు ఇంటికి తెచ్చేది. వాటి వెనకవైపు నేను సర్క్యూట్లు గీసుకునేవాణ్ని. నేను ఈ పనిలోకి రావడానికి కారణం ఎవరని అడిగితే ఆ కాగితపు చుట్టలనే చెబుతాను.

అంత సన్నటి గీతల మీద బతికిన మనిషికి యాభై ఎనిమిదో ఏట నడిమి చూపు పోవడం మొదలైంది. మనిషిని చూస్తే చెవులు, జుట్టు, భుజాలు కనపడేవి. ముఖం ఉండాల్సిన చోట మసక. “నువ్వు గడ్డం తీసినవా లేదా, చెప్పు,” అని అడిగేది నన్ను. పక్కకు తల తిప్పి, కంటి కొసతో చూసే అలవాటు చేసుకుంది. పరిచయం లేనివాళ్లు ఆమెకు మన మీద కోపం వచ్చిందేమో అనుకునేవాళ్లు.

అప్పుడే మా మేనకోడలు ఆ రీడర్ తెచ్చిచ్చింది. మొదట దాంట్లో తెలుగు సరిగ్గా వచ్చేది కాదు. ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, గుడిదీర్ఘాలు ఎక్కడో తేలేవి. మేనకోడలు రెండు ఆదివారాలు కూర్చుని మంచి అక్షరాలు ఎక్కించింది. ఆ రోజు నుంచి అక్క చేతిలో అదే. మధ్యాహ్నం పని అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని దీపం వత్తులు చేసుకుంటూ చదివేది. పుస్తకంలో అయితే అక్షరం ఉన్నంతే ఉంటుంది. దీంట్లో కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. చూపు తగ్గేకొద్దీ అక్క అక్షరాలు పెంచుకుంటూ పోయింది. చివరికి ఒక పేజీకి నాలుగైదు మాటలే పట్టేవి.

ఆ చివరి నెలల్లో అది మొరాయించడం మొదలుపెట్టింది. చదువుతుంటే ఉన్నట్టుండి ఆగిపోయేది. మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే కొన్నిసార్లు మళ్ళీ లేచేది, కొన్నిసార్లు లేచేది కాదు. అక్క నాకు వాయిస్ మెసేజ్‌లు పెట్టేది. “తమ్మీ, ఇది మళ్ళ ఆగింది. ఒక్కసారి వచ్చి సూడరాదు.” ఆదివారం వస్తానని చెప్పేవాణ్ని. ఒక ఆదివారం ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉండి రోడ్లు మూసేశారు. ఒక ఆదివారం ఎవరిదో గృహప్రవేశం బోడుప్పల్‌లో. ఇంకో రెండు ఆదివారాలు ఎందుకు వెళ్లలేదో నాకు గుర్తులేదు. నాచారం నుంచి వాళ్లింటికి బండి మీద పావుగంట.

తర్వాత గురువారం పొద్దున అక్క బాత్‌రూంలో జారిపడింది. తల వెనక దెబ్బ. దవాఖానాలో తొమ్మిది రోజులు ఉంది. తెలివిలోకి రాలేదు.

దశదినకర్మ నాడు చుట్టాలు ముందు గదిలో కూర్చున్నప్పుడు ఎవరో కిటికీ గట్టు మీద రీడర్‌ను చూశారు. తెర మీద ఆ ఐదు మాటలు. మా పిన్ని పైకి చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి నుంచి చేతికి ఆ పలక గదంతా తిరిగింది. “తలుపు తీసుకొనే పోయింది సూడు,” అన్నారు ఎవరో. ఇది ఇంకా ఎలా ఉంది, ఛార్జింగ్ అయిపోలేదా అని అడిగారు. పరికరాలు తెలిసినవాణ్ని కదా, నేను లేచి చెప్పాను. ఈ తెర ఫోన్ తెరలాంటిది కాదు, దీంట్లో నల్లటి తెల్లటి రేణువులు ఉంటాయి, కరెంటు వాటిని కదుపుతుంది, కదిపాక కరెంటు పోయినా అవి అక్కడే ఉండిపోతాయి అని. “ఇది అక్క సదివిన ఆఖరి పేజీ. మనం చెరిపితే తప్ప చెరగదు,” అన్నాను.

మా మేనకోడలు దాన్ని గుండెకు పట్టుకుంది. బావ గోడకు ఆనుకుని కూర్చుని నేల చూస్తున్నాడు.

ఫోన్ చేసిన మర్నాడు, ఆదివారం పొద్దున, మేనకోడలు స్టీలు డబ్బాతో నాచారం వచ్చింది. సెలవు కాబట్టి కంపెనీలో మేమిద్దరమే. పక్క షెడ్లలో మిషన్లు కూడా ఆగి ఉన్నాయి. ఇసుక బకెట్ బల్ల పక్కన పెట్టుకుని, పలుచటి ప్లాస్టిక్ ముక్కతో అట్ట అంచు చుట్టూ మెల్లగా తిప్పాను. కొక్కేలు ఒక్కొక్కటి టక్కుమని ఊడాయి. ప్రతి చప్పుడుకీ మేనకోడలు తెర వైపు చూస్తోంది.

వెనక అట్ట వచ్చేసింది. లోపల పెద్దగా ఏమీ ఉండదు ఇలాంటి వాటిలో. సగం చోటు వెండి రంగు బ్యాటరీ. అది దిండులా ఉబ్బి ఉంది. పైన రెండు అగ్గిపెట్టెలంత ఆకుపచ్చ బోర్డు. దాని నుంచి తెరకు వెళ్లే చదునైన పట్టీ. పేజీ తిప్పే మీట కింద రబ్బరు బిళ్ళ. అంతే.

బ్యాటరీ కింద జిగురులోకి స్పిరిట్ చుక్కలు వదిలి, పావుగంట ఆగి, ప్లాస్టిక్ ముక్కతో లేపాను. వచ్చింది. దాన్ని ఇసుకలో పెట్టి బకెట్‌ను బయట వరండాలోకి తీసుకెళ్లాను. తిరిగి వచ్చేసరికి మేనకోడలు రీడర్‌ను వెలుతురుకు పట్టి చూస్తోంది. ఐదు మాటలు అలాగే ఉన్నాయి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంది.

“సాయంత్రం ఇచ్చేస్తవా?”

“కొత్త బ్యాటరీ తెప్పించాలె.”

“బ్యాటరీ ఎందుకు మామా? పేజీ ఉంటే చాలు.”

“లోపల శుభ్రం చేసి ఇస్త,” అన్నాను. నాన్నకు వంట చెయ్యాలని తను వెళ్లిపోయింది.

ఒక్కణ్నే మిగిలాక భూతద్దం దీపం కిందకు లాక్కున్నాను. ఏ పరికరం విప్పినా దాన్ని వాడిన మనిషి కొంచెం లోపల ఉంటాడు. తూకం యంత్రాల్లో పసుపు, మందుల పొడి. మానిటర్లలో నర్సుల పౌడరు. ఇందులో మీట చుట్టూ దూది పోగులు ఉన్నాయి, సన్నటివి, వత్తుల దూది. బోర్డు అంచు కింద ఒక వెంట్రుక చుట్టుకుని ఉంది. సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. చిన్న పట్టకారుతో దాన్ని బయటకు లాగి పక్కన పెట్టాను. కాసేపు చూశాను. మళ్ళీ తీసుకెళ్లి ఉన్నచోటే పెట్టేశాను. అలా ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను.

బోర్డు మీద ఒక మూలన మెమరీ కార్డు ఉంది. మనం ఫోన్లలో వేసుకునేలాంటిదే. పుస్తకాలన్నీ, ఆ యంత్రం జ్ఞాపకమంతా అందులోనే. అది దాని గూట్లో నుంచి గోరు మందమంత బయటకు జరిగి ఉంది. వేలితో నొక్కాను. టిక్కుమని కూర్చుంది.

అక్క రీడర్ ఆగిపోవడానికి కారణం అదే. ఎప్పుడో కింద పడి ఉంటుంది, కార్డు జరిగి ఉంటుంది. కార్డు అందినప్పుడు నడిచేది, అందనప్పుడు ఆగిపోయేది. విప్పి, నొక్కి, మూసేస్తే అయిపోయేది. కొక్కేలు ఊడదీయడంతో కలిపి ఐదు నిమిషాల పని.

కార్డును మళ్ళీ లాగి, మళ్ళీ నొక్కి చూశాను.

తర్వాత కార్డు తీసి కంప్యూటర్లో పెట్టాను. బ్యాటరీ లేదు కాబట్టి తెరకు ఏమీ కాదు. పుస్తకాలన్నీ ఒక కాపీ తీసి మేనకోడలికి ఇద్దామనేదే నా ఉద్దేశం. పుస్తకాల పక్కనే ఒక పొడవాటి రికార్డు ఉంది. యంత్రం తన కోసం తాను రాసుకునేది. ఏ రోజు, ఏ గంటకు, ఏ పేజీ తిప్పారు, అక్షరం సైజు ఎంత, ఎన్నిసార్లు ఆగి మళ్ళీ మొదలైంది. పని అలవాటు కొద్దీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

మొదట్లో పేజీకి ఒకటిన్నర నిమిషం. అక్షరాలు పెద్దవయ్యేకొద్దీ పేజీలో మాటలు తగ్గాయి. సమయం మాత్రం తగ్గలేదు. చివరి నెలలో ఐదు మాటలకు ఒక నిమిషం పట్టింది అక్కకు. కొన్ని పేజీలకు రెండు నిమిషాలు. ఒక్కో అక్షరాన్నీ కంటి కొసతో పట్టుకుని, మాటగా కూర్చి, ముందు మాటకు కలుపుకుంటూ ఆమె ఎలా వెళ్లిందో ఆ అంకెల్లో కనపడుతోంది. నేను వెళ్లని ఆదివారాలు కూడా ఉన్నాయి. ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆగింది, మళ్ళీ మొదలైంది. ఒకే మధ్యాహ్నం పదకొండు సార్లు. పదకొండోసారి లేచాక ఆమె మూడు పేజీలు చదివింది.

బుధవారం సాయంత్రం ఐదు దాటాక ఆమె తిప్పిన చివరి పేజీ ఉంది. గురువారం పడిపోయింది. తర్వాత ఖాళీ. దవాఖానా రోజులు ఖాళీ. ఆమె పోయిన రోజు ఖాళీ. ఆ మర్నాడు ఖాళీ.

మూడో రోజు మధ్యాహ్నం నాలుగూ పదికి పేజీ తిరిగింది.

ఆ వరసనే మళ్ళీ చదివాను. తర్వాత ఇంకో పేజీ. ఇంకోటి. ఆ రోజు నూట ముప్పై ఎనిమిది పేజీలు. మర్నాడు నాలుగింటికే మళ్ళీ. వరసగా ఏడు రోజులు, ఐదు గంటల దాకా.

ముందు గడియారాన్ని అనుమానించాను. నా ఫోన్‌లో అక్క వాయిస్ మెసేజ్‌లు ఇంకా ఉన్నాయి. వాటి సమయం చూశాను, వినలేదు. ఆమె ‘మళ్ళ ఆగింది’ అని చెప్పిన నాలుగూ నలభైకి ఐదు నిమిషాల ముందు రికార్డులో ఆగడం ఉంది. ఇంకోటి చూశాను. అదీ సరిపోయింది. గడియారంలో తేడా లేదు.

మీట ఇరుక్కుపోయిందేమో అనుకున్నాను. బ్యాటరీ అప్పటికే ఉబ్బడం మొదలై, లోపలి నుంచి మీటను నొక్కి ఉండొచ్చు. అలా అయితే బాగుండునని కోరుకున్నాను కూడా. కానీ ఇరుక్కున్న మీట ఒకే లయలో కొట్టుకుంటుంది, రోజంతా కొట్టుకుంటుంది. ఇది నాలుగింటికి వచ్చి ఐదింటికి లేచి వెళ్లిపోతోంది. మధ్యలో మంచినీళ్లు తాగడానికన్నట్టు ఆగుతోంది. ఇది మనిషే. పేజీకి పదిహేను, ఇరవై సెకన్లు. అక్క కాదు. అక్క అంత త్వరగా చదవలేదు.

అది అర్థమయ్యాక భయం తగ్గాలి. నాకు తగ్గలేదు. షట్టరు వేసి రోడ్డు మీదకు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

దశదినం నాడు తెర మీద ఉన్న ఐదు మాటలు అక్క చదివినవి కావు. ఆమె అసలు అక్కడి దాకా రానేలేదు. రెండున్నరేళ్లుగా ఆమె ఫొటో పక్కన ఉన్నది ఇంకెవరో తిప్పిన పేజీ. అది ఆమెదని గదినిండా ఉన్నవాళ్లకు చెప్పింది నేను.

మేనకోడలికి శుభ్రం చేయడం పూర్తికాలేదని మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత బావ కోసం ఉప్పల్ వెళ్లాను. బావ రైల్వేలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. సాయంత్రాలు రింగ్‌రోడ్డు మీద మనుషులు నడిచే వంతెన, స్కైవాక్, ఎక్కి నాలుగు చుట్లు తిరుగుతాడు. నేను వెళ్లేసరికి కమ్మీ పట్టుకుని కిందకు చూస్తున్నాడు. వరంగల్ వైపు బస్సులు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కదులుతున్నాయి.

“బావా, అక్క పోయినంక ఆ రీడర్ ఎవరన్న ముట్టిన్రా?”

“ఎందుకు అడుగుతున్నవ్?”

“లోపల రాసుకుంటది. ఏ టైముకు ఏ పేజీ తిప్పిన్రో.”

“గట్ల గూడ రాసుకుంటదా,” అన్నాడు. కమ్మీ మీద చేతులు తీసి మళ్ళీ పెట్టాడు. “నేనే తిప్పిన.”

నేను కూడా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

“మీ అక్కకు కండ్లు కానరాకుంట అయినంక అడుగుతుండె. జర ఒక్క పేజీ సదివి పెట్టు అని. నాకు సదువు అంతంత మాత్రం. ఒత్తుల కాడ ఆగుత. నవ్వుతదేమో అని నామోషి. పనున్నది అని బయటికొస్తుంటి. ఏం పని? గిదే. ఈడ నిలబడి బస్సులు సూసుడు.”

కింద ఒక బస్సు కండక్టర్ రేకును చేత్తో కొడుతూ పిలుస్తున్నాడు. బావ అది అయ్యేదాకా ఆగాడు.

“మూడోనాడు పగటీలి అందరు పండుకున్నరు. నాలుగయ్యింది. ఆ టైముకు ఇంట్ల ఎప్పుడు ఆమె గొణుగుకుంట సదివేది ఇనపడుతుండె. ఆ పలక కిటికీ కాడ ఉన్నది. వత్తిన. సగంల ఉన్నది కత. ఆడికెల్లి సదివిన. పైకే సదివిన. ఆమె ఇంటదని కాదు. ఇంట్ల సప్పుడు కావాలె నాకు.”

“మరి తలుపు పేజీ?”

“తొమ్మిదోనాడు ఆడ ఆగింది. ఎంత వత్తినా కదల్లే. ఖరాబు చేసిన్నేమో అనుకున్న. తెల్లారి అందరు సూసి ఏడిసిన్రు. నువ్వు లేసి చెప్పినవ్, ఆమె ఆఖరి పేజీ అని.” మొదటిసారి నా వైపు తిరిగాడు. “ఇగ నేనేం చెప్పాలె?”

కిందకు దిగి ఇంటి దాకా కలిసి నడిచాం. గేటు దగ్గర, “పిల్లకు చెప్పకు,” అన్నాడు.

చెప్పలేదు. కానీ రీడర్‌ను రెండు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను. మూసి ఇచ్చేస్తే నేను రెండోసారి అబద్ధం చెప్పినట్టవుతుంది. మొదటిది తెలియక చెప్పాను. మేనకోడలు రోజు విడిచి రోజు అడుగుతోంది. చివరికి ఒక శనివారం, బ్యాటరీ లేకుండానే అట్ట మూసి తీసుకెళ్లాను. కార్డు గూట్లోనే ఉంది. తెర మీద ఐదు మాటలు ఉన్నాయి.

మేనకోడలు రెండు చేతులతో అందుకుంది. తెరకు తాకించిన వేళ్లను కళ్లకద్దుకుని, ఫొటో పక్కన పెట్టబోయింది. బావ మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు కింద పెట్టాడు.

“అది మీ అమ్మ పేజీ కాదు బిడ్డా,” అన్నాడు.

మొత్తం చెప్పాడు. నాకు చెప్పినంత కూడా చెప్పలేదు, నాలుగు మాటల్లో చెప్పేశాడు. తను వింటూ నిలబడే ఉంది. అయ్యాక నా వైపు చూసింది.

“నీకు తెలుసా?”

“రెండు వారాల కింద తెలిసింది.”

“నేను రెండేండ్ల సంది దానికి దండం పెడుతున్న,” అంది. గొంతు పెంచలేదు. “ఇంటర్వ్యూకు పోయే ముందట పెట్టిన. నాన్నకు జ్వరం వస్తే పెట్టిన. ఈడ్నే కూసోని సూసినవ్ కద నాన్నా.”

బావ తల ఊపాడు. తను రీడర్‌ను బల్ల మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. తర్వాత నెల రోజులు నాకు మెసేజ్ లేదు. తండ్రికి అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదని బావ చెప్పాడు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం ఆఫీసుకు సెలవు పెట్టి రీడర్‌తో నాచారం వచ్చింది. నా బల్ల ఎదురుగా కూర్చుని ఒకటే అడిగింది.

“అమ్మ ఏడ ఆపింది?”

కంప్యూటర్లో పుస్తకం తెరిచి, రికార్డులోని బుధవారం నాటి చోటు వెతికి చూపించాను. ‘గిన్నెలు కడిగి బోర్లించి, చీర కొంగుతో’. అంతే ఉంది అక్క చదివిన ఆఖరి పేజీలో. అందులో శకునం చూడ్డానికి ఏమీ లేదు. మేనకోడలు దాన్ని రెండుసార్లు పెదాలతో చదువుకుంది. తర్వాత రికార్డు మొత్తం చూపించమంది.

చూపించాను. ఆదివారాల దగ్గరకు వచ్చినప్పుడు పక్కకు జరపలేదు. ఆగింది, మొదలైంది అనే వరసల మీద వేలు పెట్టి, ఇది ఎందుకు అని అడిగింది. కార్డు జరిగిందని, నేను ఐదు నిమిషాలు వచ్చి ఉంటే సరిపోయేదని, నాలుగు వారాలు రాలేదని చెప్పాను.

“అమ్మ నిన్నేం అనలే మామా,” అంది. “తమ్మికి మస్తు పనుంటది, ఆడ మిషన్లు ఆగితే రోగులకు కష్టం అని చెప్పేది.”

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

“బ్యాటరీ వెయ్యి,” అంది.

“వేస్తే తెర మారిపోతది. ఆ పేజీ ఉండదు.”

“తెలుసు.”

బ్యాటరీ అప్పటికే తెప్పించి పెట్టాను. ఆమె చూస్తుండగానే బిగించాను గానీ మీట నొక్కలేదు. ఇద్దరం నా బండి మీద ఉప్పల్ వెళ్లాం. బావ నిద్ర లేచి ముఖం కడుక్కుంటున్నాడు. కూతురు అతని చేతిలో రీడర్ పెట్టి, “నువ్వే వత్తు,” అంది. నెల తర్వాత తండ్రితో అన్న మొదటి మాట అదేనట.

బావ నొక్కాడు. తెర ఒక్కసారి మొత్తం నల్లబడింది. తెల్లబడింది. మళ్ళీ నల్లబడింది. ఇలాంటి తెరలన్నీ అంతే చేస్తాయి, పాత అక్షరాల జాడ తుడుచుకోవడానికి. ఆ మాట వాళ్లకు చెప్పబోయి ఊరుకున్నాను. రెండోసారి తెల్లబడ్డాక రేణువులు కుదురుకుని అక్షరాలయ్యాయి. అది తలుపు పేజీ కాదు. రికార్డులో రాసుకున్నా, ఆగిపోయిన రోజు చదివిన చోటును యంత్రం గుర్తు పెట్టుకోలేదు. అంతకు ముందు రోజు బావ ఆపిన చోట తెరుచుకుంది.

“ఇది సదివిన్నే,” అన్నాడు బావ.

“మళ్ళ సదువు. మాకు ఇనపడేటట్టు,” అంది కూతురు.

బావ కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఒత్తుల దగ్గర ఆగాడు. ‘నిశ్చయించుకుంది’ అనే మాట దగ్గర మూడుసార్లు వెనక్కి వెళ్లాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అందించలేదు. ఇరవై నిమిషాలకు ఆ పేజీ వచ్చింది. ఆమె తలుపు తీసి చూసింది. బయట. బావ ఆగి మా ఇద్దరినీ చూశాడు. బొటనవేలితో మీట నొక్కాడు.

“పాలవాడు క్యాన్లు దించుకుంటున్నాడు,” అని చదివాడు.

మేనకోడలికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక మోకాళ్ల మీద తల పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. అందులో ఎంత నవ్వో నాకు తెలియదు. బావ నవ్వలేదు. చదవడం ఆపి, తెరిచి ఉన్న వీధి తలుపు వైపు చూస్తున్నాడు. నేను కూడా అటు చూశాను. అక్కడ చెప్పుల స్టాండు తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత రోజూ నాలుగింటికి చదివాడట. కూతురు ఇంట్లో ఉంటే కూతురు వినేది, లేకపోతే ఒక్కడే. అంత పెద్ద అక్షరాలు నీకెందుకు, తగ్గిస్తే పేజీలు తగ్గుతాయి అని నేను చెబితే ఒప్పుకోలేదు. నేను ఆ రికార్డు కాపీ నా కంప్యూటర్లోంచి తీసెయ్యలేదు. అక్క వాయిస్ మెసేజ్‌లు ఇంకా వినలేదు. పని మధ్యలో ఏ మానిటరో ఆగి మళ్ళీ మొదలైతే, ఆ చిన్న చప్పుడుకే చెయ్యి ఆగిపోతుంది.

వానలు పడ్డాక ఒక సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

“అయిపోయింది కత,” అన్నాడు.

“ఎట్లున్నది బావా?”

“మంచిగనే ఉన్నది. ఆఖరుకు ఆమె వాళ్ల అన్నను మాఫ్ చేసి వాళ్లింటికి పోతది. మీ అక్క ఒప్పుకోకపోతుండె.”

“ఎందుకు?”

“ఏమో. ఒప్పుకోకపోతుండె అనిపించింది. అడుగుదామంటే...”

నాకూ తెలియదన్నాను. ఆ కథ చివర అక్క ఏమనేదో చెప్పగలిగేవాళ్లు మా ఇద్దరిలో ఎవరూ లేరు. తర్వాత బావ, “సరే, ఉంట మరి,” అని పెట్టేశాడు.